గుంతలో ఇద్దరే పడతారు

కరీంనగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పి బతుకుతున్నదాన్ని నేను. శాతాలు చెప్తాను, సరాసరి చెప్తాను, రైలు వంతెన దాటే లెక్కలైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒక్క 'కాలం–పని' పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. రాము ఒక పనిని పది రోజుల్లో చేస్తాడట, సోము అదే పనిని పదిహేను రోజుల్లో చేస్తాడట, ఇద్దరూ కలిసి చేస్తే ఆరు రోజులట! పిల్లలు టకటకా రాసేసుకుంటారు. రాసుకోండి నాయనా, మార్కులొస్తాయి. కానీ ఈ లెక్క పచ్చి అబద్ధమని పన్నెండేళ్ల కింద ఒకామె నాకు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించింది.

ఆమె పోయిందని మొన్నటి ఎండాకాలం పొద్దున ఆరింటి క్లాసు మధ్యలో ఫోన్ వచ్చింది. అప్పటికి బోర్డు మీద సోము మూడో రోజున పని మానేసి వెళ్లిపోయి ఉన్నాడు. మిగిలిన పని రాము ఒక్కడే ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తాడో తేల్చాలి. నేను మార్కర్ మూత పెట్టి బ్యాగు సర్దుకుంటుంటే వెనక బెంచీ నుంచి ఎవరో "మేడం, ఆన్సరు?" అని అడిగారు.

"సోము ఎందుకు పోయాడో ముందు కనుక్కోండి. ఆన్సరు తర్వాత" అని బయటికి వచ్చేశాను.

పిల్లలు నవ్వారు. అది నా మాట కాదని, ఆమె మాటని వాళ్లకు తెలియదు.

ఊళ్లో అందరికీ పెద్దవ్వే ఆమె. నాకు చుట్టరికం ఏమీ లేదు, ఒకే వాడ, ఒకే చర్చి, అంతే. మాది చొప్పదండి దగ్గర పల్లె. నాకు ఇరవై మూడేళ్లున్నప్పుడు డిగ్రీ చేతికొచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. ఇంట్లో కూర్చుంటే మా అవ్వ చూపులు భరించలేక ఆ ఎండాకాలం అందరితో పాటు నేనూ ఉపాధి పనికి పోయాను. పదిమంది ఆడవాళ్లం ఒక గుంపు. గుంపును నడపడానికి ఒక మేటు. రోజంతా తవ్వితే సాయంత్రం వచ్చి కందకం కొలుస్తారు. కూలి ఆ కొలతను బట్టే. కొలత గుంపు మొత్తానిది, ఎవరెంత తవ్వారన్న లెక్క ఉండదు. మా మేటు పెద్దవ్వ.

పొడుగు మనిషి, ఎముకల గూడు. నడుము దగ్గర చీర మడతలో ఇనుప టేపు ఒకటి ఎప్పుడూ దోపుకుని ఉండేది. బడికి పోలేదు, సంతకం రాదు, టేపు మీద అంకెలు మాత్రం తప్పు లేకుండా చదివేది. ఎవరైనా తనకు నచ్చని మాట అంటే వెంటనే బదులిచ్చేది కాదు. టేపును బారెడు లాగేది, వదిలేది. అది టక్కుమని లోపలికి పోయేది. ఆ తర్వాత మాట్లాడేది. టేపు టక్కుమన్నదంటే ఎవరికో మూడిందని మా గుంపంతటికీ తెలుసు.

పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టేది. బలమున్నవాళ్లు అంచుల్లో, నెమ్మదిగా చేసేవాళ్లు నడుమ. "నడుమ ఉన్నదానికి రెండు దిక్కుల నుంచి సాయం దొరుకుతది. అంచున ఉన్నదానికి ఒక్క దిక్కే" అనేది. చర్చిలో మాత్రం తను ఎప్పుడూ చివరి వరసలో, తలుపు పక్కనే కూర్చునేది. కీర్తన అందరూ ముగించాక ఆమె ఒక్కతే ఇంకో చరణం వెనక ఉండేది, అదీ అందరికంటే పెద్ద గొంతుతో. పాస్టరు గారు ఒకసారి మెల్లగా చెప్పి చూశారు. "అందరం ఒక్కసారే పాడితే ఎవల గొంతు ఎవలిదో దేవునికి ఎట్ల తెలుస్తది అయ్యగారూ?" అన్నది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మధ్యాహ్నం సద్ది తిని తుమ్మచెట్టు కింద అందరూ నడుం వాలిస్తే నేను పుస్తకం తెరిచేదాన్ని. మొదటి రోజే పెద్దవ్వ నా పక్కకు జరిగింది.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా? జర ఇనవడేటట్టు సదువు."

రాము, సోముల లెక్క చదివాను. ఆరు రోజులని జవాబు కూడా చెప్పాను, కొంచెం గర్వంగానే.

"ముందుగాల గిది చెప్పు. వాండ్లిద్దరికి పడ్తదా?"

"పడుడేంది పెద్దవ్వా? గిది లెక్క."

"పడకుంటే ఎట్లయితదే? ఒకడు గట్టు దిక్కు, ఒకడు వాగు దిక్కు మొఖం పెట్టి తవ్వుతరు. నెలైనా తెగది. పడిందనుకో, ఐదు రోజులల్లనే అయిపాయె. ఆరు రోజులు మాత్రం ఎన్నడు గాదు."

తర్వాతి లెక్కలో సోము మూడు రోజులు చేసి వెళ్లిపోయాడు. ఆమె లేచి కూర్చుంది.

"ఎందుకు పోయిండు?"

"పుస్తకంల రాయలే."

"పెయ్యి బాగలేకనా? ఇంట్ల ఎవలకన్న ఏమన్న అయిందా? రాము అడిగిండా?"

"అడగలే పెద్దవ్వా. మిగిలిన పని ఐదు రోజులల్ల చేసుకున్నడు."

"పాడుగాను! పక్కోడు లేచి పోతే ఎందుకు పోతున్నవని అడగనోడు వాడేం మనిషే? గసొంటోని పక్కన నేనైతే మూడు రోజులు గూడ చేసేదాన్ని గాదు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఈసారి తనే ఒక లెక్క ఇచ్చింది.

"నలుగురు మొగోళ్లు ఒక సమాధి గుంతను మూడు గంటలల్ల తవ్వుతరు. గదే గుంతకు పన్నెండు మందిని పెడితే?"

"ఒక్క గంట" అన్నాను, కాగితం కూడా ముట్టకుండా.

అప్పుడు నవ్వింది. చేతిలో గ్లాసు నీళ్లు ఒలికిపోయేంత నవ్వింది. "గింత గుంతల పన్నెండు మంది ఏడ పడ్తరే పిచ్చిదానా? గుంతల ఇద్దరే పడ్తరు. కడమోళ్లు ఒడ్డు మీద నిలవడి చాయ్ తాగుతరు."

డిగ్రీలో లెక్కలకు నాకు మంచి మార్కులు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

ఆమె జతగత్తె శాంతవ్వ కూడా మా గుంపులోనే ఉండేది. పక్షవాతం వచ్చిపోయాక శాంతవ్వ ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. తట్ట ఎత్తలేదు, పార పట్టలేదు. బిందె దగ్గర కూర్చుని అడిగినవాళ్లకు నీళ్లు ముంచేది, చంటిపిల్లలను చూసుకునేది. ఎవరి ముఖం ఎండకు కమిలి తూలేట్టున్నా దూరం నుంచే పసిగట్టి తిట్టి మరీ నీడకు రప్పించేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. మా అందరి మొగుళ్ల నడకలు కూర్చున్నచోటనే చేసి చూపించేది. నవ్వలేక చచ్చేవాళ్లం.

కొలతలకు వచ్చే సారు కంట్లో అది పడింది. "గీమె తవ్వుతలేదు, మోస్తలేదు. గీమె పేరు తీసేసి తొమ్మిది మందే ఉండురి. మీకే మంచిది" అన్నాడు.

టేపు టక్కుమన్నది.

"మంచిది సారూ. రేపు గీమె ఇంటికాడ ఉంటది. తొమ్మిది మందిమి తవ్వుతం, కొలువుండ్రి. ఎల్లుండి మల్ల వస్తది, మల్ల కొలువుండ్రి."

మర్నాడు శాంతవ్వ రాలేదు. నీళ్లకు ఒక్కొక్కరం పార పడేసి పోవాల్సి వచ్చింది. ఒకామె బిడ్డ ఏడుపు ఆపలేదు. ఇద్దరు మాటా మాటా అనుకుని చెరో చివరకు పోయారు. మధ్యాహ్నానికల్లా ఒకామె కళ్లు తిరిగి పడింది, పడేదాకా మేమెవరం చూడలేదు. సాయంత్రం కొలిస్తే కందకం ముందురోజు కంటే రెండు మూరలు తక్కువ వచ్చింది. ఆ పై రోజు శాంతవ్వ వచ్చింది, రెండు మూరలూ తిరిగొచ్చాయి.

"గీమెను సున్న అనుకున్నరు గద సారూ" అన్నది పెద్దవ్వ, టేపు నడుముకు దోపుకుంటూ. "ఒకటి పక్కన సున్న నిలవడితే పదైతది. మేం పదిమందిమి. పదిమందిమే రాసుకోండ్రి."

సారు రాసుకున్నాడు. రాసుకోక ఏం చేస్తాడు!

ఆ ఎండాకాలం చివర్లో శాంతవ్వ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. ఏడుపులు అయ్యాక గుంత తవ్వే మాట వచ్చింది. మా వాడలో ఎవరు పోయినా సంఘం పెద్దలు నలుగురు మగపిల్లలను పురమాయిస్తారు. వాళ్లు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని తవ్వుతారు, మూడు గంటల పని. ఆ రోజు మాత్రం ఎవరూ కదల్లేదు. పెద్దలు ముగ్గురు చర్చి అరుగు మీద కూర్చున్నారు. ముగ్గురిలో ఒకరు మా బాపు.

సంగతేమిటంటే, అంతకు ముందటేడు శాంతవ్వకు మగదిక్కంటూ ఉన్న ఒక్క చిన్న మనుమడికి జ్వరం పట్టుకుని ఎన్నాళ్లకూ దిగలేదు. శాంతవ్వ చర్చిలో మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసింది. అట్లనే వేములవాడ పోయి రాజన్నకు కోడె మొక్కింది, పిల్లవాడు లేచి తిరిగితే కోడెను కట్టి గుడి చుట్టూ తిప్పి వచ్చింది. పెద్దలు అప్పుడేమీ అనలేదు. మనసులో పెట్టుకున్నారు. బతికున్నప్పుడు చూపలేని కసి చచ్చాక తీర్చుకుందామనుకున్నారు. నా తండ్రి గురించి ఇట్లా రాయడం నాకేం ముచ్చట కాదు, కానీ జరిగింది అదే.

"సమాధుల తోటల జాగ ఉన్నది. మేం వద్దంటలేం" అన్నాడు బాపు. "కని మా పోరగాండ్లు ఎవలు గడ్డపార పట్టరు."

అందరూ పెద్దవ్వ నడుము వైపు చూశారు. ఆమె టేపు బారెడు లాగి వదిలింది.

"అన్నా, శాంతవ్వ ఇద్దరిని అడిగింది. ఇద్దరు కలిస్తే జల్ది అయితదనుకున్నది. పోరనికి జరం దిగింది. ఎవలు ఎంత దించిండ్రో గా లెక్క పైన వాండ్లే చూసుకుంటరు. నడుమ మీకెందుకు పరేషాన్?"

"ఇంక తవ్వేదెవలు?" అన్నాడు ఇంకో పెద్ద.

"నేను."

"ఆడోళ్లు గుంతల దిగుడు మన కాడ ఉన్నదా?"

"చెరువు పూడిక మేం తీస్తిమి. కాలువ మేం తవ్వితిమి. అప్పుడు ఆడోళ్లమని యాదికి రాలేదా? గింత గుంత మాకు ఎక్కువైతదా?"

అని గడ్డపార భుజాన వేసుకుని ఒక్కతే నడుచుకుంటూ పోయింది.

బాపు నన్ను ఇంటికి తీసుకొచ్చి "నువ్వు గడప దాటకు" అన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నానే కానీ నా బుర్ర ఊరుకుంటేనా! నలుగురికి మూడు గంటలంటే ఒక్కరికి పన్నెండు గంటలు. ఇప్పుడు ఎనిమిదవుతోంది. పన్నెండు గంటలంటే చీకటి పడిపోతుంది. ఎండాకాలం, శవం అంతదాకా ఉండదు. పైగా మొరం నేల, అరవై దాటిన మనిషి. చీకటి పడేలోపు గుంత కాకపోతే శాంతవ్వను ఊరి బయట ఏదో పాత గుంతలో పూడ్చేస్తారు, ఆమె మొగుడి పక్కన చోటు పోతుంది. పెద్దలు కూర్చుని ఎదురుచూస్తున్నది దాని కోసమే. ఎన్ని వందల లెక్కలు చేశానో, ఆ రోజు దాకా ఒక్క లెక్క కూడా నా గుండెల్లో కొట్టుకోలేదు.

లేచి మూల నుంచి పార తీసుకున్నాను.

"ఏడికి?" అన్నాడు బాపు.

"ఇద్దరమైతే పొద్దు గూకకముందే అయిపోతది బాపు."

"నువ్వు పోయినవంటే నాతోటి మాట్లాడకు."

"మంచిది, మాట్లాడ" అని వెళ్లిపోయాను. వెనక్కి మాత్రం చూడలేదు.

నేను పోయేసరికి పెద్దవ్వ నేల నానడానికి రెండు బిందెల నీళ్లు పోసి, మోకాలు లోతు దిగి ఉంది. తల కూడా ఎత్తలేదు.

"జల్ది దిగు బిడ్డా. గుంతల ఇద్దరే పడ్తరు. ఒక జాగ ఖాళీ ఉన్నది."

చెప్పులు విడుస్తూ ఒకసారి చూశాను. నా వెనకే వచ్చిన బాపు తోట గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆయనా విన్నాడు. లోపలికి రాలేదు.

ఆమె గడ్డపారతో పొడిచేది, నేను పారతో మట్టి ఎత్తి పోసేదాన్ని. గంటకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. తన కొంగు చింపి రెండు చేతులకూ కట్టింది. పదకొండు గంటలకు మా గుంపు ఆడవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. ఎవరూ పిలవలేదు. ఒకామె నీళ్లు తెచ్చింది, ఇద్దరు తట్టలతో మట్టి దూరం పోశారు, మిగతావాళ్లు వంతుకు దిగారు. ఒకామె శాంతవ్వ చేసినట్టే తన మొగుడి నడక చేసి చూపించింది. ఆ ఎండలో, ఆ గుంత పక్కన, ఏడుస్తూ నవ్వాం.

నాలుగున్నరకు పెద్దవ్వ పైకి వచ్చి టేపు తీసింది. పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, నన్ను లోపల నిలబెట్టి లోతు కొలిపించింది. "జానెడు తక్కువున్నది. దిగుండ్రి" అన్నది.

"గింత దానికేమైతది పెద్దవ్వా?" అని ఒకామె నీరసంగా అన్నది.

"రేపు గదొక వంక పెడ్తరు. కొలత తక్కువ రావద్దు."

ఆ జానెడూ తవ్వాం. గుంత ఉందని తెలిశాక పాస్టరు గారు బైబిలు పట్టుకుని తనంతట తనే వచ్చారు. పొద్దు ఇంకా బారెడుండగానే శాంతవ్వ మొగుడి పక్కన పడుకుంది. బాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నాకేం తక్కువ! ఆ తర్వాత మాట్లాడుకున్నాం కానీ ఆ రోజు ఊసు మాత్రం ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఈసారి ఫోన్ రాగానే క్లాసు వదిలేసి బస్సెక్కాను. సమాధుల తోటకు పోయేసరికి ఎనిమిదిన్నర. శాంతవ్వ పక్కనే గుర్తు గీసి అప్పుడే తవ్వడం మొదలుపెట్టారు. నలుగురు పోరగాండ్లు గడ్డపారలతో వచ్చారు. వాళ్ల వెనక ఇంకో పదిమంది. వాళ్ల వెనక మా పాత గుంపు, వాళ్ల కోడళ్లు, చొప్పదండి నుంచి వచ్చిన బంధువులు. నలభై మంది దాటారు. అందరికీ గడ్డపార కావాలి.

గుంతలో రెండు జాగలకూ వంతులే. ఒకరు దిగుతారు, నాలుగు పోట్లు పొడుస్తారు, కళ్లు తుడుచుకుంటారు, పైకి వస్తారు. ఇంకొకరు దిగుతారు. ఆడవాళ్లు కూడా వరసలోనే నిలబడ్డారు. ఇది మన కాడ ఉన్నదా అని ఎవరూ అడగలేదు. నలుగురు మూడు గంటల్లో చేసే పని, పన్నెండయినా నడుం లోతుకు రాలేదు. మా గుంపు ఆమె ఒకతి పెద్దవ్వ ఇనుప టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కొలిచేది నువ్వే బిడ్డా. తక్కువ రావద్దు" అన్నది.

ఒంటిగంటకు వరసలోంచి బాపు ముందుకొచ్చాడు. డెబ్బై దాటాయి, మోకాళ్లు పనిచేయవు. ఇద్దరు చంకల కింద పట్టుకుని గుంతలోకి దించారు. గడ్డపార ఎత్తడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఒక పోటు పొడిచి ఆగాడు. ఊపిరి తీసుకుని ఇంకోటి పొడిచాడు. చేతిలోంచి లాక్కోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను ఒడ్డు మీద నిలబడి చూస్తున్నాను. పన్నెండేళ్ల కోపం నాకు ఇంకా పోలేదు, అయినా ఏడుపు ఆగలేదు.

ఇప్పటి పాస్టరు గారు వేరే ఊరు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. గడియారం చూసుకుని చూసుకుని చివరకు నా దగ్గరికి వచ్చారు.

"మేడం, మీరు లెక్కల టీచరంట గదా. గింతమంది ఉన్నరు. ఇంకెంత సేపు పడ్తది?"

నా చెయ్యి దానంతట అదే టేపును బారెడు లాగి వదిలింది. టక్కుమన్నది. వరసలో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"ఇంక పద్దెనిమిది మంది ఉన్నరు అయ్యగారూ. ఎక్కువ మంది ఉన్నరు గదా, ఎక్కువ సేపే పడ్తది."

ఆయనకు అర్థం కాలేదు. గుంతలో బాపుకు అర్థమైనట్టుంది. పక్కన తవ్వుతున్న పిల్లవాడు అప్పుడే పైకి ఎక్కేశాడు. బాపు గడ్డపార మీద ఆనుకుని, తలెత్తి, పన్నెండేళ్లలో మొదటిసారి నా కళ్లల్లోకి సూటిగా చూశాడు.

"జల్ది దిగు బిడ్డా" అన్నాడు. "ఒక జాగ ఖాళీ ఉన్నది."

చెప్పులు విడిచి దిగాను.